మధ్యాహ్నం కంచం ముందు మనవరాలితో నేనేం మాట్లాడాలి?

నల్లకుంట అమ్మమ్మ
ఆగస్టు 19

అందరికీ నమస్కారం. నాకు 68 ఏళ్లు. నల్గొండ జిల్లాలో 31 ఏళ్లు తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా వారు పోయాక మూడేళ్లుగా నల్లకుంటలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇలాంటి చోట రాయడం నాకు కొత్త. పద్ధతి తెలియక పొరపాటు చేస్తే మన్నించండి. అక్షరదోషాలు మాత్రం ఉండవు.

అడగాల్సింది ఒక్క ప్రశ్నే. అది అర్థం కావాలంటే కొంత కథ చెప్పాలి.

మా మనవరాలికి 16. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. ఇక్కడ దాన్ని బుజ్జి అంటాను. దాని జబ్బు అనోరెక్సియా నెర్వోసా అని మే నెలలో తేలింది. తిండికి భయపడి అంతకంతకూ తగ్గించేసుకునే మానసిక జబ్బు అది. బరువెంతో, ఎంత తగ్గిందో రాయను. అలాంటి అంకెలు చదివి తమతో పోల్చుకునే పిల్లలుంటారని డాక్టరమ్మ చెప్పింది. మీరూ రాయకండి, దయచేసి.

ఎప్పుడు మొదలైందని అందరూ అడుగుతారు. మొదలైనట్టు మాకు తెలిస్తే కదా! పదో తరగతి సెలవుల్లో టైఫాయిడ్ వచ్చి చిక్కింది. ఆ వేసవి పెళ్లిళ్లలో చూసినవాళ్లంతా 'ఎంత నాజూగ్గా అయ్యావే' అన్నారు. జ్వరం పోయింది, ఆ మాట మిగిలింది. ముందు నూనె వద్దంది. తర్వాత తెల్లన్నం మానేసి కొర్రలు, అరికెలు అంది. హైదరాబాదులో ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా సిరిధాన్యాల మాటే కదా, మంచిదే అనుకున్నాం. తర్వాత కొర్రలూ తగ్గాయి. కార్తీకంలో నాతోపాటు సోమవారం ఉపవాసం ఉంటానంది. నేను పొంగిపోయాను. ఈ కాలం పిల్లల్లో ఎవరుంటారండీ అని ఎదురింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను. కార్తీకం వెళ్లిపోయినా సోమవారం వెళ్లలేదు. దానికి గురువారం సాయిబాబా, శనివారం వెంకటేశ్వరస్వామి తోడయ్యారు. మధ్యలో ఏకాదశి వస్తే అదీ. దేవుడి పేరు చెప్పాక కాదనేదెవరు? అందులోనూ నేనున్న ఇంట్లో.

ఆర్నెల్లు కడుపు డాక్టర్ల చుట్టూ తిరిగాం. దాని గోడు ఎప్పుడూ ఒకటే: ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోతోంది. లావైపోతానని ఒక్కసారి కూడా అనలేదు. ఎండోస్కోపీ చేశారు, థైరాయిడ్ చూశారు, మేము దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. నెలసరి ఆగిపోయిన సంగతి వాళ్ల అమ్మకు కూడా చెప్పలేదు. చేతుల మీద, వీపు మీద సన్నటి నూగు మొలిచింది. ఏప్రిల్ ఎండల్లో మేమంతా పంకా కింద కూడా ఉడికిపోతుంటే అది స్వెట్టరు వేసుకుని కూర్చునేది. రాత్రి పదకొండింటికి ఫోనులో వంటల వీడియోలు. దమ్ బిర్యానీ, డబుల్ కా మీఠా, అరిసెలు. నాకు సున్నుండలు చుట్టి 'ఇంకొకటి తిను అమ్మమ్మా' అని బతిమాలేది. తర్వాత వేళ్లకంటిన నెయ్యిని సబ్బుతో మూడుసార్లు కడుక్కునేది.

జూన్ నెలాఖరులో ఒక తెల్లవారుజామున కుళాయి దగ్గర పడిపోయింది. ఆస్పత్రిలో చేర్చిన రాత్రి నాడి నిమిషానికి 41. పొటాషియం బాగా తగ్గిందన్నారు. ఛాతీకి తీగలు తగిలించి 17 రోజులు ఉంచారు. ఇప్పుడు ఇంట్లోనే వైద్యం. అన్నమే మందు అంది డాక్టరమ్మ. రోజుకు మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు. ఏం తినాలో, ఎంత తినాలో పెద్దవాళ్లే చూసి వడ్డించాలి, అయ్యేదాకా పక్కన కూర్చోవాలి. తిన్నాక గంటసేపు బాత్రూముకు పంపకూడదు. కాలేజీ ప్రస్తుతానికి మాన్పించారు.

కూతురికి బ్యాంకు ఉద్యోగం, అల్లుడుగారి ఆఫీసు ఉప్పల్ వైపు. కూతురికి సెలవులన్నీ అయిపోయాయి. ఉదయం, రాత్రి వాళ్లు చూసుకుంటారు. ఒంటిగంట భోజనం, నాలుగింటి పలహారం నా వంతు.

నిన్నటి మధ్యాహ్నం సంగతి చెబుతాను. ముద్దపప్పు, మునక్కాయ కూర, చారు, పెరుగు. కంచాన్ని ఐదు నిమిషాలు చూసింది. అన్నాన్ని నాలుగు భాగాలు చేసింది, ఒక్కో భాగాన్ని మళ్లీ నాలుగు. 'నెయ్యి ఎంత వేశావు?' 'ఎప్పుడూ వేసేదే.' 'అబద్ధం.' మెతుకు మెతుకు లెక్కన నోట్లో పెట్టుకుంది. పావుగంటకు కళ్ల నీళ్లు మొదలయ్యాయి. 'మా తల్లివి కదూ, ఈ ఒక్క ముద్ద' అన్నాను. ఎన్ని వందల మంది పిల్లలు నా చేతుల మీదుగా వెళ్లారో! ఏడ్చేవాణ్ణి నవ్వించడం తెలుసు, మొండికేసినవాణ్ణి దారికి తేవడం తెలుసు. ఇది రెండూ కాదు. అది భయపడుతోంది. పప్పన్నాన్ని చూసి భయపడుతోంది. రెండున్నరకు నేనే గొంతు పెంచాను. కంచం తోసేసి 'నువ్వు నన్ను చంపుతున్నావు' అంది. తర్వాత కంచం తీస్తుంటే మునక్కాయ పిప్పి కింద నాలుగైదు ముద్దల అన్నం అణిచిపెట్టి ఉంది. కిందటి వారం తులసికోట మట్టిలో చపాతీ దొరికింది.

దాని తమ్ముడికి పదకొండేళ్లు. బడి నుంచి రాగానే పళ్లెం పట్టుకుని మేడమెట్ల మీదికి వెళ్లి ఒక్కడే తింటాడు. వాడేమనుకుంటున్నాడో అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఇక నా ప్రశ్న. ఆ గంటసేపు నేనేం మాట్లాడాలి? బతిమాలాలా, గట్టిగా ఉండాలా, నోరు మూసుకోవాలా? డాక్టరమ్మ పక్కన కూర్చోండి అంటుంది. కూర్చుని ఏం చెయ్యాలో వివరంగా చెప్పేంత సమయం ఆమెకు లేదు, బయట వరుస ఉంటుంది. 'దేవుడున్నాడు', 'కాలమే నయం చేస్తుంది' లాంటివి వద్దు. అవి నా దగ్గరే బోలెడున్నాయి.

ఇంకొకటి. ఇవాళ ఏకాదశి. నేను పొద్దుటినుంచి ఏమీ తినకుండా దాని ఎదుట కూర్చుని దాన్ని తినమన్నాను. ఇది రాస్తుంటేనే తట్టింది.


కూకట్‌పల్లి అమ్మ
ఆగస్టు 19

అమ్మమ్మగారూ, మీ మునక్కాయ పిప్పి దగ్గర ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో అది కరివేపాకు కింద ఉండేది. మా అమ్మాయికి 15 ఏళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు 21. బయటపడడానికి మూడేళ్లు పట్టింది. నేను డాక్టర్ని కాదు. కంచం పక్కన కొన్ని వేలసార్లు కూర్చున్నదాన్ని, అంతే.

ముందు మునక్కాయ మానేయండి. చెరకు ముక్క, ముల్లున్న చేప, పిప్పి మిగిలే ఏదైనా సరే కొన్నాళ్లు వద్దు. గిన్నెలు బల్ల మీద పెట్టకండి. వంటింట్లోనే నెయ్యి కలిపి వడ్డించి తీసుకురండి. వడ్డించేటప్పుడు అమ్మాయి అక్కడ ఉండకూడదు. చెయ్యి కడుక్కునే మిషతో లేచిపోతుంది కాబట్టి చెంబుతో నీళ్లు, చెయ్యి కడగడానికి ఒక గిన్నె పక్కనే పెట్టుకోండి. చేత్తో తినే మన భోజనంలో ఈ చిక్కుందని నేను చదివిన ఇంగ్లిషు పుస్తకాల్లో ఒక్కదానిలోనూ లేదు.

ఇక మాటలు. నెయ్యి ఎంత అని అడిగితే జవాబు చెప్పకండి. 'ఎప్పుడూ వేసేదే' అన్నా జవాబే, దాంతో బేరం మొదలవుతుంది. నేను ఒకే వాక్యం పట్టుకున్నాను: 'నీకు ఎంత కావాలో అంతే ఉంది, నేనిక్కడే ఉన్నాను.' పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే, అదే గొంతుతో. మిగతా సమయమంతా తిండికి సంబంధం లేని కబుర్లు. మేము అంత్యాక్షరి ఆడేవాళ్లం, పొడుపు కథలు వేసుకునేవాళ్లం. వాటిలోనూ జాగ్రత్త. మా ఆయన ఒకసారి 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' అన్నారు. ఆ పూట భోజనం అక్కడితో సరి.

మాకు భోజనానికి ముప్పావుగంట గడువు పెట్టారు. మిగిలిన దానికి బదులు డాక్టరు రాసిన పొడి కలిపిన పాలు. అది శిక్షలా ఇవ్వకూడదు, మందు మిగిలిపోయింది, ఇలా తీసుకో అన్నట్టు ఇవ్వాలి. ఇది మాత్రం మీ డాక్టరమ్మను అడిగే చేయండి.

'బాగా తిన్నావు' అనకండి. 'ముఖం తేటపడింది' అని అసలే అనకండి. మా ఆడపడుచు ఆ మాట అన్నాక మూడు రోజులు మా అమ్మాయి పాలు ముట్టలేదు.

'నువ్వు నన్ను చంపుతున్నావు' అన్నది జబ్బు, బుజ్జి కాదు. అలా విడదీసి వినమని మా డాక్టరు చెబితే, ఇదేదో పూనకం వ్యవహారంలా ఉందే అని లోపల నవ్వుకున్నాను. తర్వాత ఆ విడదీయడమే నన్ను నిలబెట్టింది. మీ మనవణ్ణి ఆ మెట్ల మీద నుంచి దించండి, వారంలో ఒక సాయంత్రం వాడొక్కడితోనే గడపండి. ఆ పని నేను ఆలస్యంగా చేశాను. మా అబ్బాయి ఇప్పటికీ తలుపు వేసుకునే తింటాడు.


పాతకాలం మనిషి
ఆగస్టు 20

ఇదంతా ఫోనులు, సినిమా తారలు తెచ్చిపెట్టిన రోగం. మా ఇంట్లో తొమ్మిది మంది పిల్లలం. అలిగినవాడికి అన్నం లేదు, అంతే. రెండు పూటలు పట్టించుకోకండి, మూడో పూట తనే వచ్చి కూర్చుంటుంది. గారాబం ఎక్కువైంది.


నల్లకుంట అమ్మమ్మ
ఆగస్టు 20

అయ్యా, మేమూ ఏడుగురం. అలిగినవాళ్లకు ఆకలేసేది, అందుకే వచ్చి తినేవాళ్లం. దీనికి అలక లేదు. పట్టించుకోకపోవడం అంటారా, రెండు పూటలు కాదు, ఆర్నెల్లు ఆ పనే చేశాం. ఆ 41 అక్కడినుంచి వచ్చిందే. మీ మీద కోపం లేదు. నా ప్రశ్నకు ఇది జవాబు కాదు.

కూకట్‌పల్లి అమ్మా, చెంబు పెట్టాను. ఇవాళ యాభై నిమిషాలు పట్టింది. ఆ ఒక్క వాక్యం 14 సార్లు అన్నాను.


సైనిక్‌పురి నాన్న
ఆగస్టు 20

పాతకాలం మనిషిగారూ, ఇది మీరనుకున్నంత కొత్తది కాదు. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు, అదే ఏడాది ఫ్రాన్సులో లాసేగ్ దీన్ని వర్ణించారు. అనోరెక్సియా నెర్వోసా అనే పేరు గల్ పెట్టిందే. అప్పటికి సినిమాయే పుట్టలేదు.

ఈ గల్‌గారు ఇంకో మాట కూడా రాశారు. ఇలాంటి రోగుల దగ్గర ఉండి చూసుకోవడానికి బంధువులు, స్నేహితులే అందరికంటే పనికిరానివాళ్లట. వందేళ్లు ఇంచుమించు అదే ధోరణి నడిచింది. తల్లిదండ్రుల్ని దూరం పెట్టేవారు, పైగా తప్పంతా తల్లిదని అనేవారు. 1980లలో లండన్‌లోనే మాడ్స్‌లీ ఆస్పత్రివాళ్లు దాన్ని తిరగేసి, కంచం బాధ్యత ఇంటివాళ్లకే అప్పగించి చూశారు. ఇంట్లో ఉన్న చిన్న వయసు పిల్లలకు ఇప్పుడు ముందుగా చెప్పే వైద్యం అదే. అమ్మమ్మగారూ, మీ డాక్టరమ్మ మీకు పక్కన కూర్చోమని చెప్పింది అందుకే. మా అబ్బాయికి (అవును, అబ్బాయిలకూ వస్తుంది) ఇలాగే చేశాం. మా వాడిది వ్యాయామంతో మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికి డాబా మీద పరుగులు తీసేవాడు. ఎన్‌సీసీ కోసమని మేము మురిసిపోయాం.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి నేను ఎత్తుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం శరీరపు జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ వైద్య బీమా ఇవ్వాలి. మా క్లెయిమును మొదట తిప్పి కొట్టారు. ఆ సెక్షన్ ఉటంకించి మళ్లీ రాస్తే ఇచ్చారు. మీ అల్లుడుగారిని కాగితాలు పారేయవద్దనండి.


మళ్లీ ఆకలి
ఆగస్టు 21

అమ్మమ్మగారూ, నేను కంచానికి అవతలివైపు కూర్చున్నదాన్ని. ఇప్పుడు 27 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. పదిహేడో ఏట మొదలై నిండా ఆరేళ్లు పోయాయి.

మీరు భయం అన్నారు చూడండి, అది అర్థం చేసుకున్నవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు. బావి గట్టు మీద నిలబెట్టి వెనకనుంచి దూకమంటున్నట్టుండేది. దూకమనేవాళ్లంతా నన్ను ప్రేమించేవాళ్లే. అమ్మ ఏడిస్తే నాకు జాలి వేసేది కాదు. ఇంత ఏడిపించే నాకు అన్నం ఎందుకు అనిపించేది. కాబట్టి ఏడుపొస్తే వంటింట్లోకి వెళ్లి ఏడవండి. నాకు పనికొచ్చింది మా పెదనాన్న. ఆయన కాకినాడనుంచి వచ్చినప్పుడల్లా నా ఎదురుగా కూర్చుని, నా కంచం వంక చూడకుండా, రైల్వేలో తన ఉద్యోగం కబుర్లు చెప్పుకుంటూ తనది తాను తినేవారు. ఆయన చెయ్యి కంచంలోకీ నోట్లోకీ వెళ్తుంటే నా చెయ్యి కూడా వెళ్లేది. ఎదుటివాళ్లు తింటుంటే తినడం కొంచెం సులువు. మీ ఏకాదశి ప్రశ్నకు నా జవాబు అదే.

సున్నుండలు వద్దు. అది వండి మీకు తినిపిస్తే దాని ఆకలి మీ నోటితో తీర్చుకుంటోందన్నమాట. తను చేసింది తనూ తినాలి, లేకపోతే చేయనివ్వకండి. చిక్కినప్పటి బట్టలు బీరువాలోంచి ఇప్పుడే తీసేయండి. అవి పట్టని రోజు వస్తుంది. ఆ రోజు ఉదయం అవి కంటబడితే ఆ వారం చేసిందంతా పోతుంది.

ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోవాలి. నన్ను గట్టిగా కూర్చోబెట్టి తినిపించినవాళ్లను ఆ రోజుల్లో ద్వేషించాను. ఇప్పుడు పండగకు మొదట ఫోను చేసేది వాళ్లకే.


రాత్రి డ్యూటీ నర్సు
ఆగస్టు 22

పెద్దమ్మగారూ, మాటల గురించి పైన చెప్పినవాళ్లకంటే నాకు ఎక్కువ తెలియదు. శరీరం గురించి నాలుగు మాటలు.

ఉబ్బరం నటన కాదు. తిండి తగ్గితే జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం కూడా తగ్గుతుంది. రెండు ముద్దలకే నిండిపోవడం నిజంగానే జరుగుతుంది. క్రమం తప్పకుండా తింటూ పోతే వారాల్లో సర్దుకుంటుంది. ఆ మాట బుజ్జికి కూడా చెప్పండి, తన బాధను నమ్మారని తెలుస్తుంది.

వంటల వీడియోలు కూడా ఆకలి పనే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు తిండి బాగా తగ్గించి పరీక్షించారు. తిండికి భయపడే జబ్బేమీ లేని ఆ మగవాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగుచేశారు, ఒక్క భోజనాన్ని గంటలకొద్దీ సాగదీశారు, చలికి వణికారు, చిన్నదానికీ పెద్దదానికీ చిరాకుపడ్డారు. మీరు బుజ్జిలో చూస్తున్న వాటిలో చాలావరకు పస్తు చేసే పనులే.

ప్రమాదం ఎప్పుడంటే: మెలకువగా ఉన్నప్పుడు నాడి 50 కంటే తగ్గినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, నీళ్లు కూడా మానేసినా, తెలివి తప్పినట్టు మాట్లాడినా అపాయింటుమెంటు కోసం చూడకండి. అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. చాలాకాలం పస్తున్న శరీరానికి తిండి మొదలుపెట్టిన కొత్తలో రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే తిండి పెంచడం డాక్టరు చెప్పిన లెక్కలోనే జరగాలి. జాలిపడి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. పాదాలు వాచినా చూపించండి. చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు. టెలి మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ సహాయ ఫోను) 14416 రాత్రైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీకోసం కూడా చేయవచ్చు.


నల్లకుంట అమ్మమ్మ
నవంబరు 11

చాలా రోజులైంది. రాద్దామని కూర్చుంటే ఒంటిగంట అయ్యేది.

మొదట నర్సమ్మకు దండం. సెప్టెంబరులో దాని పాదాలు వాచాయి. మీ మాట గుర్తుండి ఆ సాయంత్రమే ఆటోలో వేసుకుపోయాం. రక్తం చూశారు, రెండు రోజులు ఉంచుకుని మాత్రలు ఇచ్చి పంపారు. నేనొక్కదాన్నే అయితే ఉప్పు తగ్గించి ఊరుకునేదాన్ని.

పొడుపు కథలు పది రోజుల్లో అయిపోయాయి. దానికి అన్నీ తెలుసు, చిన్నప్పుడు నేను చెప్పినవే కదా. అందుకని రోజుకో పాత విద్యార్థి కథ మొదలుపెట్టాను. పరీక్ష హాల్లోకి మేకను తోలుకొచ్చినవాడు, నాలుగేళ్లు 'ఋ' రాయనని భీష్మించినవాడు, ఇప్పుడు అదే ఊళ్లో సర్పంచి అయినవాడు. నా కంచంలో నేను తింటూ, దాని కంచం వంక చూడకుండా చెబుతాను. ఇరవై రోజులు అది వింటోందో లేదో తెలియలేదు. ఒకరోజు 'మొన్న ఒక మేకన్నావు, ఇవాళ రెండంటున్నావు' అంది. పంతులమ్మ జీవితంలో తప్పు పట్టించుకుని అంత సంతోషించింది ఎప్పుడూ లేదు. ఆ సంతోషం పైకి కనిపించనివ్వలేదు, 'రెండోది దాని పిల్ల' అన్నాను.

అలాగని అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. దసరాకు చుట్టాలు వచ్చి ఒకావిడ 'ఇప్పుడు కాస్త మనిషిలా ఉన్నావు' అంది. వారం పోయింది. ఒకసారి పాలగ్లాసు గోడకేసి కొట్టింది. గోడ కడిగి ఇంకో గ్లాసు తెచ్చి 'నేనిక్కడే ఉన్నాను' అన్నాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అబద్ధమెందుకు. నెలసరి ఇంకా రాలేదు. సగం దారి కూడా కాలేదంది డాక్టరమ్మ. దాని తమ్ముడు మాత్రం కిందికి దిగాడు. ఆదివారం సాయంత్రాలు వాడూ నేనూ ఇందిరా పార్కుకు వెళ్తాం. మొదటి ఆదివారమే అడిగాడు: 'అక్క చచ్చిపోతుందా?' ఆర్నెల్లుగా ఆ ప్రశ్నను మెట్ల మీద ఒక్కడే నమిలాడన్నమాట.

ఇక నా ఉపవాసాల సంగతి. పదిహేనేళ్ల వయసునుంచి కార్తీక సోమవారం తప్పలేదు నేను. పెళ్లయిన ఏడాది జ్వరంలో కూడా. ఈసారి మొదటి సోమవారం ఒంటిగంటకు ఇద్దరికీ వడ్డించుకుని కూర్చున్నాను. ముద్ద గొంతు దిగడానికి నాకూ కష్టంగానే ఉంది. అది ఎలా ఉంటుందో కొంచెం, రవ్వంత, తెలిసింది. బుజ్జి చూసింది.

'ఇవాళ సోమవారం కదా?'
'అవును.'
'నాకోసం మానేశావా?'
'అవును.'
'నేను అడగలేదు.'

లేచిపోయింది. ఆ రోజు పాలతో సహా రెండు గంటలు పట్టింది, తప్పు చేశానేమో అనిపించింది. రెండో సోమవారం ఏమీ అనలేదు. నిన్న మూడోది. తినడం అయ్యాక చెంబుతో నీళ్లు నా చేతిమీద పోసి, సాయంత్రం గుడికి వెళ్దామా అంది. వీధి చివరి దాకే అయినా నడవనివ్వకుండా ఆటోలో తీసుకెళ్లాను. దీపాలు పెట్టాం. పూజారిగారు దొన్నెలో పులిహోర ఇచ్చారు. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. 'ఇది నాలుగింటి లెక్కలోకి వస్తుందా?' అంది. రాదన్నాను. ముఖం మాడ్చుకుంది. మెట్ల మీద కూర్చుని సగానికి పైగా తింది. మిగతాది నా చేతిలో పెట్టింది. నేను తినలేదు, 'మళ్లీ ఆకలి' అమ్మాయి చెప్పింది గుర్తుంది.

కూకట్‌పల్లి అమ్మా, మిమ్మల్నే ఇంకొకటి అడగాలి. మాఘమాసంలో దగ్గరి చుట్టాల పెళ్లి ఉంది. బంతిభోజనం, నలుగురి కళ్లూ దీని మీదే, పోయిన ఏడాది నాజూగ్గా ఉన్నావన్నవాళ్లంతా అక్కడే. తీసుకెళ్లాలా, మానాలా? తీసుకెళ్తే ముందే ఇంట్లో తినిపించి వెళ్లాలా, అక్కడ విడిగా కూర్చోబెట్టాలా? వీలు చూసుకుని రాయండి. పన్నెండున్నర దాటింది, చారు పొంగుతోంది.